నాలుగు డిగ్రీల రాళ్ళగుంట్ల

మా రాళ్ళగుంట్ల మంచు కొండ పట్టణమని ప్రభుత్వం ఉత్తరం రాసేదాకా నాకు తెలియదు. నేను పుట్టింది ఆ ఊళ్ళోనే, పెరిగింది ఆ ఊళ్ళోనే, తాసిల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పదహారేళ్ళ నుంచి ఫైళ్ళు మోస్తున్నదీ ఆ ఊళ్ళోనే. ఇన్నేళ్ళలో అక్కడ ఆకాశం నుంచి ఎండ తప్ప మరొకటి పడగా చూసింది చాలా తక్కువ. మే నెలలో మా ఊరి కుక్కలు కూడా మొరిగే పని సాయంత్రానికి వాయిదా వేసుకుంటాయి. అలాంటి ఊరికి చలి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు తప్పు ఒప్పుకోవాలి. ఆ చలి తెచ్చింది నేనే.

మా ఆఫీసు వెనక నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె ఒకటి ఉండేది. గాలి ఆడటానికి దాని చుట్టూ రెక్కల తలుపులు, లోపల ప్రభుత్వ థర్మామీటరు. రోజూ ఉదయం ఎనిమిదింటికి దాన్ని చూసి రిజిస్టరులో రాయడం నా విధుల్లో పదకొండోది. తొమ్మిదేళ్ళ కిందట గాలివానకి పెట్టె కూలిపోయింది. థర్మామీటరు మాత్రం చెక్కుచెదరలేదు. అది పగిలిపోయి ఉంటే ఈ కథే లేదు. ఆ ఏడు తనిఖీకి వచ్చిన ఆడిట్ వారు, ప్రభుత్వ ఆస్తి ఆరుబయట పడి ఉన్నదని అభ్యంతరం రాశారు. అప్పటి తాసిల్దారు గారు కంగారుపడి, "సదరు ఉష్ణమాపకమును తాళము కలిగిన ప్రభుత్వ భవనమందు భద్రపరచవలెను" అని ఉత్తర్వు ఇచ్చారు.

ఊళ్ళో ప్రభుత్వ భవనాలు ఆరు. వాటిలో తాళం పనిచేసేది మా వీధి పక్కనే ఉన్న పాల శీతలీకరణ కేంద్రానికి ఒక్కదానికే. దాని ఇన్‌చార్జి షేక్ సైదా నాకు చిన్నప్పటి నుంచి ఎరిక.

"బయట గదిలో పెడితే క్యాన్లు తగిలి పగుల్తది బ్రహ్మం గారూ," అన్నాడు సైదా. "లోపల పాలు పెట్టే చల్లగదిలో గోడకి మేకుండాది. దానికి తగిలించుకోండి. ఈగ కూడా రాదు."

తగిలించాను. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి వెళ్ళి చూస్తే నాలుగు డిగ్రీలు. రిజిస్టరు చంకన పెట్టుకుని తాసిల్దారు గారి దగ్గరికి పరుగెత్తాను.

"సార్, నాలుగు డిగ్రీలు."

"రాయి."

"సార్, ఇవాళ మే పద్నాలుగు."

"తేదీ కూడా రాయి," అన్నారాయన.

అలా తొమ్మిదేళ్ళు రాశాను. ఎక్కడో ఒక్కరోజైనా ఆత్మసాక్షి అడ్డు రాలేదా అంటే, వచ్చింది. కానీ దాన్ని కూడా చల్లగదిలోకి తీసుకెళ్ళేవాణ్ణి. బయట నలభై అయిదు మండుతుంటే, థర్మామీటరు చూసే వంకతో లోపల అయిదు నిమిషాలు నిలబడితే ఎవరి ఆత్మసాక్షి అయినా సర్దుకుంటుంది. పైగా ఆ రిజిస్టరు ఎవరూ చదవరు. నెలకోసారి పై ఆఫీసుకి పంపుతాను, వాళ్ళు ఇంకా పై ఆఫీసుకి పంపుతారు, అక్కడ దాన్ని ఒక బీరువాలో పెడతారు. చదవని కాగితం వల్ల ప్రమాదం లేదని అనుకునేవాణ్ణి. ఎంత అమాయకుణ్ణో చూడండి.

పోయిన ఏడాది పట్నాల్లో జనానికి మంచు పిచ్చి పట్టింది. ఎవర్ని కదిపినా, "ఈ రొద వదిలేసి ఏదైనా మంచు కొండల్లో చిన్న ఊరు చూసుకుని స్థిరపడిపోవాలండీ" అనేవారే. ఏడో అంతస్తులో మామిడికాయ ముక్కలు ఆరబెట్టుకునే మనిషి కూడా చెక్క ఇల్లు, పొగగొట్టం, కిటికీలోంచి తెల్లటి కొండ అని కలవరించడం మొదలుపెట్టాడు. ఇదేదో చూద్దామని ప్రభుత్వం సర్వే చేయించింది. నూటికి డెబ్భై ఒక్కమంది మంచు కొండ పట్టణంలో బతకాలని కోరుకుంటున్నట్టు తేలింది. మన పౌరులు పొరుగు రాష్ట్రాల మంచులో స్థిరపడిపోతే మన పరువేం కావాలని పైన ఎవరికో దిగులు పట్టుకుంది. వెంటనే "శీతల నివాస అన్వేషణ సంఘం" ఏర్పడింది. రాష్ట్రం హద్దుల్లోనే ఒక మంచు కొండ పట్టణాన్ని వెతికి పట్టుకోవడం దాని పని.

సంఘానికి సభ్య కార్యదర్శి వైజయంతి గారు. చాలా సమర్థురాలని పేరు. ఆవిడ సంతకం పెట్టిన ఫైలు వెనక్కి తిరిగిన దాఖలా లేదంటారు. సంఘం పదకొండుసార్లు సమావేశమైంది. ఆరో సమావేశంలో ఒక సభ్యుడు, ఒకసారి ఊళ్ళు తిరిగి చూస్తే ఎలా ఉంటుందని అడిగాడట. "క్షేత్ర పర్యటన వలన సభ్యులలో సొంత అభిప్రాయములు ఏర్పడు ప్రమాదము కలదు కావున, రికార్డుల ఆధారముగానే నిర్ణయము గైకొనవలెను" అని తీర్మానించారు. ఆ సభ్యుణ్ణి ఏడో సమావేశానికి పిలవలేదు.

రికార్డులు తెప్పించారు. బీరువాలు తెరిచారు. చలికి రుజువు కావాలి, మా రిజిస్టరు దొరికింది: ఏడాది పొడుగునా నాలుగు డిగ్రీలు, అదీ తొమ్మిదేళ్ళు వరసగా, ఒక్క కొట్టివేత లేకుండా. కొండకి రుజువు కావాలి, మా ఊరి చివర గుట్ట రెవెన్యూ రికార్డుల్లో "కొండ పోరంబోకు" అని ఉంది. అందులో సగం క్వారీ తినేసిందన్న సంగతి రికార్డుకి ఎక్కలేదు. ఇక మంచు. అదే క్వారీ మీద ఎవరో పెట్టుకున్న అర్జీకి ఒక ఫోటో జతచేసి ఉంది. సున్నపురాయి క్రషర్ దుమ్ము పడి, గుట్ట కింది ఇళ్ళ కప్పులన్నీ తెల్లగా మెరుస్తున్న ఫోటో. అర్జీ ఎవరూ చదవలేదు. ఫోటోని మాత్రం పెద్దది చేయించి సంఘం వారి గోడకి తగిలించుకున్నారు.

"రాళ్ళగుంట్ల పట్టణమును రాష్ట్రపు ఏకైక మంచు కొండ పట్టణముగా ఇందుమూలముగా ప్రకటించడమైనది" అని డిసెంబరులో ఉత్తరం వచ్చింది. ఇప్పటి తాసిల్దారు అనంతపద్మనాభం గారు దాన్ని మూడుసార్లు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగోసారి చదివారు.

"వీరబ్రహ్మం, ఇది మన ఊరేనా?"

"మన ఊరే సార్."

"ఇంకే రాళ్ళగుంట్లా లేదు కదా?"

"ఒక్కటి ఉన్నందుకే ఇలా ఉంది సార్."

ఆయన బదిలీ మీద వచ్చి నాలుగు నెలలే అయింది. థర్మామీటరు ఎక్కడుందో ఆయనకి తెలియదు. చెబుదామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే అభినందన సభకి ఎవరెవర్ని పిలవాలో జాబితా రాయమంటున్నారు. నోరు మూసుకుని జాబితా రాశాను. ఆ రోజు చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం నా పిరికితనమే, దానికి వేరే పేరు వెతకను.

జనవరిలో ప్రారంభోత్సవం జరిగింది. ఆ నెలలో మా ఊరు కూడా కాస్త మర్యాదగానే ఉంటుంది. వైజయంతి గారు పొద్దున ఏడింటికే వచ్చి, శాలువా కప్పుకుని, రిబ్బను కత్తిరించి, పది గంటలు దాటకుండా వెళ్ళిపోయారు. ఊరి మొదట్లో "మంచు కొండ పట్టణానికి స్వాగతం, రోడ్లు జారును, నెమ్మదిగా నడపండి" అని బోర్డు పెట్టారు. జనం మురిసిపోయారు. మా ఊరి కుర్రాళ్ళు పొరుగూళ్ళకి పెళ్ళిచూపులకి వెళ్ళి మాది మంచు పట్టణం అని చెప్పుకున్నారు. మా ఆవిడ కూడా ఒక స్వెట్టరు అల్లడం మొదలుపెట్టింది. నాకెందుకే అంటే, ఊరికి పేరొచ్చాక మనం అడ్డపంచెలతో తిరిగితే బాగుండదు అంది.

మార్చి వచ్చింది. ఎండతో పాటు ఉత్తర్వులూ రావడం మొదలయ్యాయి.

మొదట బడులు. రాష్ట్రమంతా ఒంటిపూట బడులు పెట్టారు. మంచు పట్టణంలో ఎండ సెలవులు అసంబద్ధం కనక మాకు మాత్రం రెండు పూటలూ పెట్టారు. తరవాత ఆసుపత్రి. ఓఆర్ఎస్ పొట్లాలు వెనక్కి తీసుకుని, వాటి బదులు పది పెట్టెల దగ్గుమందు, రెండు వందల రగ్గులు పంపారు. వడదెబ్బ తగిలి వచ్చిన మనిషికి "చలిజ్వరము" అని తప్ప చీటీ రాయడానికి వీల్లేదు, ఎందుకంటే మా ఊరికి పంపిన జబ్బుల జాబితాలో వడదెబ్బ లేదు. కాంపౌండరు పాపం మంచివాడు, చలిజ్వరం అని రాసి చెవిలో మజ్జిగ తాగమని చెప్పేవాడు. ఏప్రిల్లో బస్టాండు దగ్గర మంచినీళ్ళ పందిరి పీకించి చలిమంట కేంద్రం పెట్టారు. "ప్రయాణికుల సౌకర్యార్థము పగలు పన్నెండు నుండి మూడు గంటల వరకు మంట వేయబడును" అని రాసిన బోర్డు కింద వాచ్‌మన్ అంకారావు నిప్పు రాజేసి, తను మాత్రం రోడ్డుకి అవతల నిలబడేవాడు.

ఇంతవరకు మా ఊరు నవ్వుకుంటూ భరించింది. అలవాటున్న ఊరు. కానీ ఏప్రిల్ ఇరవై రెండున నీళ్ళ ట్యాంకరు రాలేదు.

మా రైల్వే గేటు వీధిలో కుళాయిలు సంక్రాంతికే ఎండిపోతాయి. అక్కణ్ణించి వానలు పడేదాకా రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరే దిక్కు. ఆ రోజు రాలేదు, రెండు రోజులు ఆగి చూసినా రాలేదు. అయిదో రోజు పక్కింటి సలోమి నాలుగు ఖాళీ బిందెలు తెచ్చి మా అరుగు మీద వరసగా బోర్లించింది. సలోమి మా వీధి చివర ఇడ్లీ బండి నడుపుతుంది. గట్టి మనిషి. ట్యాంకరు దగ్గర లైను ఎవరైనా తప్పితే ఆవిడ ఒక్క చూపుతో వెనక్కి పంపుతుంది. ఆ రోజు ఆవిడ గొంతు పలచబడి ఉంది.

"బ్రహ్మమన్నా, నా కోడలు కని పన్నెండు రోజులు. పచ్చి బాలింత. పిల్లోడికి నీళ్ళు పొయ్యాలంటే గ్లాసుతో కొలిచి పోత్తన్నా. బండి మూసేశా, పప్పు నానబెట్టేదానికి నీళ్ళు లేక. నువ్వు గవర్నమెంటు ఆఫీసులో ఉంటివి. ట్యాంకరు ఎందుకు రాలా?"

ఆఫీసుకి వెళ్ళి ఫైలు చూశాను. ఉత్తర్వు ఉంది. "మంచు కరుగుట వలన సహజ నీటి ప్రవాహములు లభ్యమగు పట్టణములకు ట్యాంకర్ల ద్వారా నీటి సరఫరా అనవసర వ్యయముగా భావించి నిలిపివేయడమైనది." కింద వైజయంతి గారి సంతకం ఉంది. ఆ కాగితం మీద సంతకం ఆవిడదే కానీ, దాని కింద కనపడకుండా నా సంతకమూ ఉంది. రోజూ నాలుగు నాలుగు అని రాసిన చెయ్యి, ఆ పసివాడి నీళ్ళ గ్లాసు లాక్కున్నట్టే లెక్క.

నేరుగా తాసిల్దారు గారి గదిలోకి వెళ్ళి, మేకు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఆయన లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చారు.

"అంటే తొమ్మిదేళ్ళుగా నువ్వు రాస్తున్నది పాల ఉష్ణోగ్రతా?"

"పాలది కూడా కాదు సార్. పాల పక్కన గోడది."

"దేవుడా. ఇది బయటికి వస్తే నీ ఉద్యోగం ఉండదు, తెలుసా?"

"తెలుసు సార్. ట్యాంకరు వస్తే చాలు."

ఆయన మంచివాడే. భయస్తుడు, అంతే. నా విన్నపం మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి పైకి పంపారు. తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. "సదరు రిజిస్టరును స్వయముగా వ్రాసిన ఉద్యోగి, సదరు రిజిస్టరును ఖండించుటకు అర్హుడు కాడు. తొమ్మిది సంవత్సరముల రికార్డునకు, ఒక జూనియర్ అసిస్టెంటు నోటిమాటకు నడుమ ప్రభుత్వము రికార్డునే విశ్వసించును. అర్జీదారు చలి తీవ్రతకు మానసికముగా లోనైనట్లు కనిపించుచున్నందున అతనికి రెండు రగ్గులు మంజూరు చేయడమైనది." రగ్గులు నిజంగానే వచ్చాయి. సలోమి వాటిని చూసి, "వీటిని పిండితే నీళ్ళొత్తయ్యా?" అని అడిగింది.

ఆ రోజులన్నీ మా వీధి ఎలా గడిపిందంటే, సైదా చల్లగదిలో క్యాన్లు కడిగేందుకు తెచ్చుకునే నీళ్ళలోంచి రెండు బిందెలు మిగిల్చి పంపేవాడు. ఒకటి బాలింత ఇంటికి, ఒకటి మిగిలిన వీధికి. పిల్లవాడికి ఒంటినిండా చెమటకాయలు లేచాయి. పగలంతా వాడి ఏడుపు మా వంటింట్లోకి వినపడేది. మా ఆవిడ అల్లుతున్న స్వెట్టరు పక్కన పడేసి, విసనకర్ర తీసుకుని అటు పరుగెత్తేది.

మమ్మల్ని ఆదుకున్నది చివరికి ఒక పట్నం పెద్దమనిషి. సోమయాజులు గారని రిటైరైన బ్యాంకు మేనేజరు, ప్రభుత్వ ప్రకటన చూసి, మంచు కొండ పట్టణంలో శేషజీవితం గడుపుదామని మే మొదటివారంలో భార్యతో సహా దిగారు. రైలు దిగేటప్పుడు ఇద్దరికీ మంకీ క్యాపులు ఉన్నాయి. ప్లాట్‌ఫారం దాటేసరికి లేవు. మధ్యాహ్నానికి ఆయన తాసిల్దారు ఆఫీసుకి వచ్చి, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని నా ముందు కూర్చున్నారు.

"ఏవండీ, ఇక్కడ చలి ఎక్కడ దొరుకుతుంది?"

"పాల కేంద్రంలో దొరుకుతుందండీ. ఉదయం ఎనిమిదింటికి."

"మరి మంచు?"

"క్రషర్ ఆడిస్తే పడుతుందండీ."

ఆయన మూడో రోజే వెళ్ళిపోయారు. వెళుతూ, "ప్రకటించిన చలి లబ్ధిదారునకు అందుట లేదు" అని ఫిర్యాదు రాసి పంపారు. మా వీధి వాళ్ళు నీళ్ళు లేవని రాసిన పద్నాలుగు అర్జీలకి రాని కదలిక, ఒక పెద్దమనిషి చలి లేదని రాస్తే వచ్చింది. వైజయంతి గారు స్వయంగా విచారణకి బయల్దేరారు.

మే పంతొమ్మిది, పదకొండు గంటలు. బయట ఎంత ఉందో చెప్పడానికి ఊళ్ళో థర్మామీటరు లేదు, ఉన్న ఒక్కటీ గోడకి తగిలించి ఉంది. ఆవిడ కారు నేరుగా పాల కేంద్రం తలుపుకి ఆనుకుని ఆగింది. చల్లటి కారులోంచి చల్లటి గదిలోకి రెండే రెండు అడుగులు వేశారు. థర్మామీటరు చూశారు, భుజాలు దగ్గరికి ముడుచుకున్నారు.

"నాలుగు. రికార్డు యథాతథముగా ఉన్నది. ఫిర్యాదు నిరాధారము," అన్నారు.

"మేడమ్, ఒక్క నిమిషం బయటికి రండి," అన్నాను.

"బయట ఎందుకు? పరిశీలన కేంద్రం ఇదే కదా."

"ఊరు బయట ఉంది మేడమ్."

నా గొంతులో ఏముందో, తాసిల్దారు గారు నా చొక్కా పట్టుకుని లాగారు. నేను ఆగలేదు. మేకు మీది థర్మామీటరు తీసి తలుపు తీసుకుని బయటికి నడిచాను. ఆవిడకీ రాక తప్పలేదు. వాకిట్లో మా వీధి మొత్తం ఖాళీ బిందెలతో నిలబడి ఉంది. నా చేతిలో పాదరసం ఎక్కుతోంది. ఇరవై, ముప్ఫై, నలభై. నలభై ఆరు దగ్గర ఆగింది. వైజయంతి గారి నుదుటి మీద చెమట పట్టి, బొట్టు కారి ముక్కు మీదికి వచ్చింది. అయినా ఆవిడ అధికారి.

"ఆమోదిత స్థానము నుండి తొలగించిన పరికరపు కొలత చెల్లదు," అన్నారు, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ.

అప్పుడు సలోమి ముందుకొచ్చింది. కేకలేస్తుందనుకున్నాం. వెయ్యలేదు. భుజం మీది మనవడి ఒంటి మీద గుడ్డ తీసి చూపించింది. వీపంతా ఎర్రగా పూసి ఉంది.

"మీ కాయితాల జోలి నాకొద్దమ్మా. మా ఊరిని మంచంటారో, నిప్పంటారో మీ ఇట్టం. ఈడికి నాలుగు చెంబులు నీళ్ళు పొయ్యాల. మీరూ ఆడోళ్ళే, మీకు నేను చెప్పేదేందమ్మా."

వైజయంతి గారు ఆ వీపు వైపు చెయ్యి చాచి, తాకకుండా వెనక్కి తీసుకున్నారు. తరవాత ఆవిడ మాట్లాడింది మామూలు మనుషుల తెలుగులో. ఆవిడకి అది వచ్చని మాకెవరికీ తెలియదు.

"ప్రకటన రద్దు చేసే అధికారం నాకు లేదయ్యా. రద్దు చేయాలంటే తప్పు జరిగిందని రాయాలి. అలా రాసిన ఫైలు కదలడానికి రెండేళ్ళు పడుతుంది," అన్నారు నాతో. వెనక్కి తిరిగి చల్లగది తలుపు వంక చూశారు. "కానీ హద్దులు సవరించే అధికారం ఉంది."

సర్వేయరుని పిలిపించారు. చలి ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకానే పట్టణం అన్నారు. సర్వేయరు గొలుసు పట్టుకుని చల్లగది కొలిచాడు. పొడవు ఇరవై రెండు అడుగులు, వెడల్పు పద్నాలుగు. "రాళ్ళగుంట్ల మంచు కొండ పట్టణమునకు ఉత్తరమున పాల క్యాన్లు కడుగు స్థలము, దక్షిణమున గోడ, తూర్పున గోడ, పడమర తలుపు" అని హద్దులు రాశారు. ఆ నాలుగు గోడలకి బయట ఉన్న పద్దెనిమిది వేల జనాభా, ఆసుపత్రి, బడులు, రైల్వే గేటు, చలిమంట కేంద్రం అన్నీ "పరిసర ఉష్ణ ప్రాంతము" అయ్యాయి. ఉష్ణ ప్రాంతానికి ట్యాంకర్లు ఇవ్వవచ్చు. తాసిల్దారు గారి మొహం వెలిగింది. సైదా మాత్రం, "మరి కొండో?" అని అడగబోతే ఆయనే వాడి నోరు నొక్కారు.

వైజయంతి గారు కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

"ఒక ఇబ్బంది ఉంది. నివాసి లేని స్థలం పట్టణం కాదు. పట్టణం లేకపోతే హద్దుల సవరణ చెల్లదు. అది చెల్లకపోతే ట్యాంకరూ లేదు. కనీసం ఒక్కరైనా ఇందులో కాపురం ఉండాలి. రోజుకి రెండుసార్లు తనిఖీ ఉంటుంది. ఎవరుంటారు?"

తాసిల్దారు గారు చూరు వంక చూశారు. సర్వేయరు గొలుసు చుట్టుకున్నాడు. సైదా తన ఆరుగురు పిల్లల పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. నన్ను ఎవరూ అడగలేదు. కానీ అందరూ నన్నే చూస్తున్నారు, సలోమి తప్ప. సలోమి మనవడి వీపు మీద ఊదుతోంది.

"నేనుంటాను మేడమ్," అన్నాను.

ఆ సాయంత్రమే నా రేషన్ కార్డు చిరునామా మారింది. పాల క్యాన్లు ఒక వారగా జరిపి మడతమంచం వేశారు. ప్రభుత్వం ఇచ్చిన రెండు రగ్గులూ పనికొచ్చాయి, స్వెట్టరు కూడా మా ఆవిడ రెండు చేతులూ అతికించి తెచ్చింది. ఎండాకాలంలో ఊరంతటికీ చల్లటి చోటు ఒక్కటుంటే అందులో మొగుడు ఒక్కడే ఉండటమేమిటని ఆవిడ గొణిగింది. ఇద్దరుంటే జనాభా రెట్టింపైందని వార్డులు విభజిస్తారని నచ్చజెప్పాను. మొదటి రోజు హాయిగా ఉంది. రెండో రోజు ముక్కు కారింది. మూడో రోజు తాసిల్దారు గారు తనిఖీకి వచ్చి, "పట్టణంలో జనజీవనం ఎలా ఉంది?" అని అడిగితే పళ్ళు టకటకలాడుతుంటే జనజీవనం వణుకుతోందని చెప్పాను. ఆయన "సాధారణం" అని రాసుకున్నారు.

నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి ట్యాంకరు వచ్చింది.

గోడ ఇవతల నుంచి నాకు అంతా వినిపిస్తోంది. హారను, బిందెల చప్పుడు, నేను ముందంటే నేను ముందని పోట్లాట, వాటన్నిటి మీద సలోమి కేక, "ఏందే మార్తమ్మా, నీ బిందెకి కాళ్ళొచ్చినయ్యా, లైనులోకి పో!" అని. ఆ గొంతు గట్టిపడింది. ఆ తిట్టు వింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ఊళ్ళో ఆ మాత్రం తడి చూసి నెల దాటింది.

గంట తరవాత తలుపు మీద కొట్టారు. సలోమి. చంకలో మనవడు, తలంటి పోసిన వాడి తల నుంచి సాంబ్రాణి వాసన. రెండో చేతిలో ఒక చెంబు.

"రాన్నా బయటికి. పిల్లోణ్ణి ఒకసారి ఎత్తుకో."

నేను బయటికి వస్తే పట్టణ జనాభా సున్నా అవుతుంది. తనిఖీ వాళ్ళు ఏ మూల ఉన్నారో తెలియదు. ఒక కాలు గడప లోపలే ఉంచి, రెండో కాలు బయట పెట్టి, వాణ్ణి అందుకున్నాను. చెమటకాయలు వాడినట్టున్నాయి. వాడు నా మొహంలోకి తేరిపార చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, మా ఆవిడ మూడు నెలలు అల్లిన స్వెట్టరు ముందు భాగమంతా వెచ్చగా తడిపేశాడు.

"అయ్యో అన్నా, కొత్త స్వెట్టరు!" అని సలోమి పిల్లాణ్ణి లాక్కుని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, చేతిలో ఉన్న నిండు చెంబు నీళ్ళు నా గుండెల మీద గుమ్మరించేసింది. చాలక, వెనక్కి పోయి ఇంకో చెంబు తెచ్చి అది కూడా పోసింది. నీళ్ళు గడప మీదుగా పారి వాకిట్లో మట్టిలోకి ఇంకిపోయాయి. నెల్లాళ్ళు గ్లాసుతో కొలిచిన మనిషి, పోయిన నీళ్ళ వంక తిరిగి కూడా చూడలేదు.

తడి బట్టలతో లోపలికి వెళితే చచ్చిపోతాను. ఒక కాలు లోపలే పెట్టుకుని, ఆరేదాకా అలాగే గడప మీద నిలబడ్డాను. మే ఇరవై మూడు, పదిన్నర. ఎండ మొహం మీద పడుతోంది.

"ఎండ ఎంత హాయిగా ఉందో," అన్నాను.

సలోమి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఈ ఊళ్ళో పుట్టి మేలో ఆ మాట అన్నవాణ్ణి ఆవిడ అంతకుముందు చూసి ఉండదు.

"గవర్నమెంటోళ్ళు రాత్తే అబద్ధమనుకున్నా," అంది. "నువ్వు నిజంగానే మంచు ఊరోడివి అయిపోయావన్నా."